డిబేట్‌లో జనం చూసేది వినేవాడి మొహాన్నే

పోయిన సంచికలో టీవీ చర్చల మీద రాసిన తర్వాత ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చాలానే వచ్చాయి. ఎక్కువ భాగం సీమ జిల్లాల నుంచే. నాయకుల చేతులు, కళ్లు, కూర్చునే తీరు, వీటిని చూసి జనం ఏమనుకుంటారన్నదే దాదాపు అందరి ప్రశ్న. కొన్నిటికి జవాబులు ఇస్తున్నా.

ప్రశ్న: అన్నా, నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నా, పొలిటికల్ సైన్స్. 2024 నాటి బైడెన్, ట్రంప్ డిబేట్ క్లిప్పులు చూపించి, ఏం గుర్తుందో చెప్పండని మా సార్ అడిగితే క్లాసులో ఒక్కరు కూడా ఒక్క పాయింట్ చెప్పలేదు. బైడెన్ నోరు తెరుచుకుని అట్లే చూస్తుండిపోయాడని మాత్రం అందరూ చెప్పారు. ఓట్లు నిజంగా ఇట్లనే పడతాయా?
– విద్యార్థిని, అనంతపురం

జవాబు: మీ క్లాసు వాళ్లను అనాల్సిన పనిలేదమ్మా, అమెరికాలో కూడా చాలామందికి అదే గుర్తుండిపోయింది. 2024 జూన్ 27న అట్లాంటాలో జరిగిన ఆ డిబేట్‌కి స్టూడియోలో ప్రేక్షకులు లేరు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి మైక్ ఆపేశారు. మైక్ ఆపారు గానీ కెమెరా ఆపలేదు, అక్కడే ఉంది అసలు సంగతి. స్క్రీన్‌ని రెండు ముక్కలు చేసి ఇద్దర్నీ పక్కపక్కనే చూపిస్తూ ఉన్నారు కాబట్టి ట్రంప్ మాట్లాడినంతసేపూ బైడెన్ మొహం జనం కళ్ల ముందే ఉంది. అట్లని మొహం ఒక్కటే దెబ్బతీసిందని చెప్పను, గొంతు బొంగురుపోయింది, మధ్యలో మాట దారి తప్పింది, కొన్ని వాక్యాలు ఎక్కడికి పోతున్నాయో ఆయనకే తెలియలేదు. జూలై 21న పోటీ నుంచి తప్పుకున్నారు.

నేను చెప్పదలుచుకుంది ఏమిటంటే, డిబేట్‌లో బాడీ లాంగ్వేజ్ గురించి ఎవరు మాట్లాడినా చెప్పే ఉదాహరణలు నాలుగైదు ఉంటాయి, వాటిని ఒకసారి వరుసగా చూడండి, దాదాపు అన్నీ ఆ నాయకుడు మాట్లాడనప్పుడు జరిగినవే. 1992 అక్టోబర్ 15న రిచ్‌మండ్‌లో అప్పటి అధ్యక్షుడు సీనియర్ బుష్, ఆయన మీద పోటీచేస్తున్న క్లింటన్, ఏ పార్టీకీ చెందని రాస్ పెరో ముగ్గురూ వేదిక మీద ఉన్నారు. సామాన్య ఓటర్లు ప్రశ్నలు అడిగే పద్ధతి. ఒక మహిళ లేచి, దేశం అప్పులు మీ సొంత బతుకు మీద ఎట్లా పడ్డాయి అని అడుగుతోంది. సరిగ్గా అప్పుడే బుష్ చేతి వాచీ చూసుకున్నారు. ఆయనకి ఏ అర్జెంటు పనీ లేదు, డిబేట్ ఎప్పుడు అయిపోతుందా అని చూసుకున్నారు, తర్వాత ఆయనే ఒప్పుకున్నారు కూడా. క్లింటన్ వంతు వచ్చినప్పుడు ఆయన నాలుగడుగులు ఆమె వైపు నడిచి, మీకు ఎట్లా ఉంది, మీకు తెలిసినవాళ్లలో ఎవరి ఉద్యోగం పోయింది అని తిరిగి ఆమెనే అడిగారు. ఆ నాలుగడుగుల గురించి ఇప్పటికీ పాఠాలు చెబుతున్నారు. ఆ ప్రశ్నకి బుష్ ఇచ్చిన జవాబు ఎంతమందికి గుర్తుందంటారు?

2000 సంవత్సరం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అక్టోబర్ 3న బోస్టన్‌లో జూనియర్ బుష్ మాట్లాడుతున్నప్పుడల్లా అల్ గోర్ గట్టిగా నిట్టూర్చారు, తల ఆడించారు, కళ్లు తిప్పారు. అయితే ఆ రాత్రికి రాత్రి చేసిన సర్వేలో గోరే గెలిచాడని ఎక్కువమంది చెప్పారు! తర్వాత రోజుల్లో ఛానెళ్లు ఆ నిట్టూర్పులన్నీ ఏరి ఒకచోట చేర్చి మళ్లీ మళ్లీ వేశాయి, కామెడీ షోల వాళ్లు ఆడుకున్నారు, దాంతో ఒకటిన్నర గంట డిబేట్ పోయి అర నిమిషం క్లిప్పు మిగిలింది. ఆ ఎన్నిక చివరికి ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో బుష్ వైపు తేలింది. అంత సన్నటి తేడాలో నిట్టూర్పు పాత్ర ఎంత, వేరేవాటి పాత్ర ఎంత అని విడదీసి ఎవరూ చెప్పలేరు గానీ, అట్లాంటి చోట ప్రతిదీ బరువైనదే.

కెన్నెడీ, నిక్సన్ కథ మీ సార్ చెప్పే ఉంటారు. 1960 సెప్టెంబర్ 26, చికాగో. నిక్సన్ మోకాలికి ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆగస్టు చివర్లో ఆసుపత్రిలో పడుకుని లేచారు, ఒళ్లు తగ్గి చొక్కా కాలర్ వదులైంది, వేసుకున్న బూడిద రంగు సూటు వెనకున్న గోడలో కలిసిపోయింది, గడ్డం నీడ కనపడకుండా రాసుకున్న పౌడర్ లైట్ల వేడికి చెమటలో కారింది. కెన్నెడీ మాట్లాడుతుంటే వినే నిక్సన్‌ని కెమెరా మధ్యమధ్యలో చూపించింది, ఆయన చెమట తుడుచుకోవడం జనం చూశారు. దీనికి తోకగా ఒక మాట చెబుతారు, రేడియోలో విన్నవాళ్లు నిక్సనే గెలిచాడనుకున్నారని. దాన్ని మాత్రం కళ్లు మూసుకుని నమ్మకండి. ఆ మాటకి ఆధారమైన సర్వేలో రేడియో విన్నవాళ్లు చాలా కొద్దిమందే, వాళ్లు మొదట్నుంచీ నిక్సన్ వైపు ఉన్నవాళ్లా కాదా అన్నది సరిగ్గా చూడలేదని 1987లో ఇద్దరు పరిశోధకులు లెక్కలు తీసి చూపించారు. కొట్టిపారేయడానికీ లేదు, ఎందుకంటే 2003లో జేమ్స్ డ్రక్‌మన్ అనే ప్రొఫెసర్, ఆ పాత డిబేట్ గురించి పెద్దగా తెలియని ఈ కాలం వాళ్లను తీసుకుని కొందరికి వీడియో చూపించి, కొందరికి ఆడియో మాత్రమే వినిపించి ప్రయోగం చేస్తే, చూసినవాళ్లలోనే కెన్నెడీ గెలిచాడన్నవాళ్లు ఎక్కువ తేలారు. చూసినవాళ్లు మనిషి గుణాన్ని బట్టి ఎక్కువగా తీర్పు చెప్పారట.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఓట్లు ఇట్లనే పడతాయా? పార్టీకి కట్టుబడిన మనిషి తన నాయకుడు నోరు తెరుచుకుని చూసినా నిద్రపోయినా వేసేది వేస్తాడు. ఎటూ తేల్చుకోనివాళ్లకి, అభ్యర్థి గురించి ముందు నుంచీ పెద్దగా తెలియనివాళ్లకి మాత్రం మొహం ఒక సమాచారం. 2024 సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలో కమలా హారిస్ ముందుగా నడుచుకుంటూ పోయి ట్రంప్‌కి చెయ్యి అందించారు, ఆయన మాట్లాడినంతసేపూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కనుబొమలు ఎగరేసి, మైక్ లేకుండానే జవాబులిచ్చారు. వినడంలో ఆమెకి ఫుల్ మార్కులు వేశారు చాలామంది. నవంబర్‌లో గెలిచింది ట్రంప్. పరీక్షలో ఇది కూడా రాయండి, మీ సార్ మార్కులు తగ్గిస్తే నా పేరు చెప్పండి.

ప్రశ్న: అయ్యా, అమెరికా సంగతి మనకెందుకు? ఇక్కడ ముఖ్యమంత్రి అభ్యర్థులు ఇద్దరూ ఒక బల్ల ముందు కూర్చున్నది ఎప్పుడైనా చూశామా?
– రిటైర్డ్ టీచర్, ఆదోని

జవాబు: చూడలేదు మాస్టారూ, ఇప్పట్లో చూస్తామన్న ఆశ నాకూ లేదు. 2024 మేలో మాజీ న్యాయమూర్తులు మదన్ లోకుర్, ఏ.పి. షా, పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి మోదీని, రాహుల్ గాంధీని బహిరంగ చర్చకు రమ్మని లేఖ రాశారు. రాహుల్ సరేనన్నారు, చర్చ మాత్రం జరగలేదు. ఇక మన టీవీ చర్చల్లో కూర్చునేది అధికార ప్రతినిధులు, ఆరేడు పెట్టెల్లో ఆరేడు మొహాలు, అందరూ ఒకేసారి అరుస్తుంటే అందులో వినే మొహం ఎక్కడ వెతుకుతాం?

మీరు అడిగింది సరైన ప్రశ్నే గానీ నేను ఇంకోలా చూస్తా. మనకి దొరికేవన్నీ నాయకుడు మాట్లాడే దృశ్యాలే. ఎన్టీఆర్ 1982లో చైతన్యరథం ఎక్కినప్పటి నుంచి ఇప్పటి రోడ్ షో దాకా, పైన ఆయన, కింద మనం. చెయ్యి ఊపడం ఒకరిది, రెండు వేళ్లు చూపడం ఒకరిది, వంగి నమస్కారం పెట్టడం ఒకరిది, ఎవరి ముద్ర వాళ్లకి ఉంది, ఆ చెయ్యి చూస్తే మనిషి ఎవరో ఊర్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఇవన్నీ తయారుచేసుకున్న ముద్రలే. ఎదుటి మనిషి ఒక కష్టం చెబుతుంటే, లేదా ఒక ప్రత్యర్థి ముఖం మీదే నిలదీస్తుంటే ఆ నాయకుడి కళ్లు ఎటు పోతాయో ఆ బండి మీద ఎన్నటికీ తెలియదు.

పాదయాత్రకి మన దగ్గర అంత పట్టు దొరకడానికి ఇదొక కారణమని నా లెక్క. 2003లో వైఎస్ చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు, 2012 అక్టోబర్ 2న చంద్రబాబు మన హిందూపురం నుంచే బయలుదేరారు, 2017 నవంబర్ 6న జగన్ ఇడుపులపాయ నుంచి, 2023 జనవరిలో లోకేశ్ కుప్పం నుంచి. ఆ వెంటనే వచ్చిన ఎన్నికల్లో ఆ నలుగురి పార్టీలూ గెలిచాయి. నడిచినందుకే గెలిచారంటే అది మాటవరసకే, ప్రతిసారీ వేరే కారణాలు బోలెడు ఉన్నాయి, 2014లో రాష్ట్ర విభజనే ఉంది. అయినా ఆ ఫోటోలు గుర్తు చేసుకోండి, ముసలమ్మ మాట్లాడుతుంటే తల వంచి వింటున్న నాయకుడే కదా గోడల మీద కనిపించింది! అందులో ఎంత నిజమో ఎంత ఫోటోగ్రాఫర్ పనితనమో అది వేరే విషయం, కానీ జనం చూడాలనుకునేది ఏమిటో పార్టీల వాళ్లకి బాగానే తెలుసు.

మొహంతోనే అన్నీ తేలిపోవని చెప్పడానికి మీ పాత కర్నూలు జిల్లా ఉదాహరణే ఉంది. 1991లో పీవీ నరసింహారావు ప్రధాని అయ్యాక నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు. ఆ బిగించిన మూతి, ఎప్పుడో గానీ విచ్చుకోని మొహం ఏ బాడీ లాంగ్వేజ్ ట్రైనర్‌కి చూపించినా పెదవి విరుస్తాడు. 5 లక్షలకు పైగా మెజారిటీ. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీకే దిగలేదు, అక్కడ జనం చూసింది మూతి కాదు, కుర్చీ.

డిబేట్లు లేకపోయినా ఒక పని చేయవచ్చు. అసెంబ్లీ లైవ్ వచ్చినప్పుడు మాట్లాడే సభ్యుణ్ణి వదిలేసి వెనక వరసలు చూడండి. సాగునీటి మీద మాట్లాడుతుంటే ఫోన్‌లో మునిగినవాళ్లు, పక్కవాడితో నవ్వుతున్నవాళ్లు, కాగితం మీద రాసుకుంటున్నవాళ్లు, అందరూ దొరుకుతారు.

ప్రశ్న: చేతులు కట్టుకుంటే దాస్తున్నట్టు, ముక్కు గోక్కుంటే అబద్ధం చెబుతున్నట్టు అని యూట్యూబ్‌లో ఒకాయన చెబుతున్నాడు. మాటలకి ఏడు శాతమే విలువ, మిగతా 93 శాతం బాడీ లాంగ్వేజే అంటున్నాడు. నిజమేనా?
– గృహిణి, కడప

జవాబు: కాదమ్మా. చేతులు కట్టుకుంటే స్టూడియోలో ఏసీ ఎక్కువైందేమో. ముక్కు గోక్కుంటే దురద.

ఒకరు చెప్పేది నిజమో అబద్ధమో చూసి పట్టుకోగలరా అని చేసిన పరీక్షలన్నీ కలిపి 2006లో లెక్కేస్తే, జనం సరిగ్గా చెప్పింది వందకి 54 సార్లు. రూపాయి బిళ్ల ఎగరేసినా 50 వస్తుంది. మాటలకి 7, గొంతుకి 38, మొహానికి 55 శాతం అనే ఆ లెక్క 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే ఆయన చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. ఒక్కో మాటని వేరువేరు గొంతులతో, వేరువేరు మొహాలతో చూపించి, ఈ మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమా అయిష్టమా చెప్పండని అడిగారు, అంతవరకే. ప్రతి సంభాషణకీ ఇది పనికిరాదని ఆయనే మొత్తుకున్నాడు. ఏడు శాతమే విలువైతే సౌండ్ తీసేసి సీరియల్ చూడండి, కథ ఎంత అర్థమవుతుందో తెలిసిపోతుంది.

ప్రశ్న: మొహం బాగుంటే చాలు ఓట్లు పడతాయంటాడు మా ఫ్రెండ్. పందెం కాయమంటారా?
– వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: పందెం వద్దు. 2005లో అలెగ్జాండర్ టొడొరోవ్ బృందం, ఇద్దరు అభ్యర్థుల ఫోటోలు చూపించి ఎవరు సమర్థుడిలా కనిపిస్తున్నారో చెప్పమంటే, ఆ మొహాలు ఎవరివో తెలియనివాళ్లు చెప్పిందే దాదాపు 70 శాతం అమెరికా సెనేట్ పోటీల్లో ఫలితంతో కలిసింది. అడిగింది అందం గురించి కాదు, సమర్థత గురించి. పైగా మన ప్రొద్దుటూరులో ఓటు పడేముందు మొహం కంటే ముందు చూసేవి ఏమేం ఉన్నాయో మీకు నేను చెప్పాలా?

ప్రశ్న: అన్నా, నేను ఎంపీటీసీకి నిలబడాలనుకుంటున్నా. పోయిన తడవ మీటింగ్‌లో నవ్వితే సీరియస్‌గా లేదన్నారు, నవ్వకపోతే పొగరన్నారు. నేనేం చెయ్యాలి?
– జమ్మలమడుగు దగ్గర ఒక ఊరు

జవాబు: చెల్లెమ్మా, ఇది నీ ఒక్కదాని తిప్పలు కాదు. 2016 అక్టోబర్ 9న సెయింట్ లూయిస్ డిబేట్‌లో హిల్లరీ క్లింటన్ మాట్లాడుతుంటే ట్రంప్ ఆమె వెనకే తచ్చాడారు. చిన్న వేదిక, ఆమె ఎక్కడికి నడిస్తే ఫ్రేములో వెనక ఆయన. వెనక్కి తిరిగి, దూరంగా జరుగు అనాలా, ఏమీ పట్టనట్టు మాట్లాడుకుంటూ పోవాలా అని తనలో తాను కొట్టుకున్నానని తర్వాత ఆమే రాసుకున్నారు. ఆ మాట అంటే కోపగించుకుంటుందన్న పేరొస్తుంది, అనకపోతే నోరు లేదంటారు. ఆమె అనలేదు. అదే పరిస్థితిలో మగవాడైతే ఈ లెక్కలు వేసుకోవాల్సిన పనే ఉండేది కాదు.

నవ్వు గురించి జనం అనేది అనుకోనీ. నువ్వు చూసుకోవాల్సింది వేరేది ఉంది. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకే. అయినా మీటింగ్‌లో ప్రశ్న ఆమెని అడిగితే జవాబు భర్త చెప్పడం, లేదా ఆమె జవాబు చెప్పబోయే ముందు పక్కకి తిరిగి ఆయన మొహం చూడడం జరుగుతూనే ఉంది. ఆ ఒక్క చూపుతో ఎవరు నడుపుతారో జనానికి తెలిసిపోతుంది. కాబట్టి మీ ఆయన్ని వేదిక మీద కాకుండా కింద, వీలైతే వెనక వరసలో కూర్చోమను. ప్రశ్న అడిగిన మనిషిని చూసి, అడగడం పూర్తయ్యేదాకా ఆగి, తెలిసింది చెప్పు, తెలియనిది కనుక్కుని చెబుతాననడానికి మొహమాటపడకు. మైక్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు.

ప్రశ్న: సార్, మా చిన్నాయన సర్పంచ్‌గా నిలబడుతున్నాడు. లోకల్ కేబుల్ ఛానెల్ వాళ్లు ఇద్దరు అభ్యర్థుల్నీ పిలిచి చర్చ పెడతామంటున్నారు. మనిషి మంచోడే, కానీ టెన్షన్ వస్తే కాలు ఊపుతాడు, ఎవరన్నా ఒక మాటంటే మొహం జేవురిస్తుంది. ఎట్లా తయారుచెయ్యాలి?
– పత్తికొండ దగ్గర నుంచి

జవాబు: మాటలు బట్టీ పట్టించడం మీద టైము పెట్టకండి, ఊరి సంగతి ఆయనకి మీకంటే బాగా తెలుసు. వినడం ప్రాక్టీస్ చేయించండి. మీరు ఎదుటి అభ్యర్థిగా కూర్చుని, బోరు బిల్లు దగ్గర్నుంచి ఇంటి విషయాల దాకా ఆయన్ని నిజంగా మండించే మాటలు అనండి, ఆయన నోరు ఎత్తకూడదు, ఇంకొకరు ఫోన్‌లో ఆయన మొహాన్ని మాత్రమే తీయాలి. తర్వాత సౌండ్ లేకుండా ఆయనకే చూపించండి. నేను ఇట్లా పెడుతున్నానా మొహం అని మొదట ఒప్పుకోడు, రెండోసారి ఆయనే సర్దుకుంటాడు.

కాలు ఊపడానికి మందు చాలా చిన్నది, తిరిగే కుర్చీ వద్దని, మామూలు కుర్చీ వెయ్యమని అడగండి, రెండు పాదాలూ నేలకి ఆనించి కూర్చోమనండి. చేతికి ఒక పెన్ను, చిన్న పుస్తకం ఇవ్వండి. అవతలాయన ఏదైనా అన్నప్పుడు మొహం జేవురించే లోపు తల వంచి ఆ మాట రాసుకుంటే కోపం కాగితం మీదికి పోతుంది, చూసేవాళ్లకి శ్రద్ధగా వింటున్నట్టు కూడా ఉంటుంది. శ్రద్ధగా విన్నాడు కాబట్టి జవాబులో ఆ మాటనే పట్టుకుని మాట్లాడగలుగుతాడు, అదే అసలు లాభం. ఫోన్ మీ దగ్గర పెట్టుకోండి. వాచీ కూడా తీసేయమనండి, సీనియర్ బుష్ పేరు చెప్పండి. మానిటర్‌లో తన మొహం చూసుకోవడం మొదలుపెడితే ఆపడం కష్టం, అందుకే దాన్ని పక్కకి తిప్పమని ముందే అడిగి పెట్టుకోండి.

రోజూ పంచె కట్టేవాడైతే పంచెలోనే పంపండి. టీవీ కోసమని కొత్త ప్యాంటు, ఇన్‌షర్టు తొడిగిస్తే ఆ గంటసేపూ బెల్టు సర్దుకుంటూనే కూర్చుంటాడు. చేతులు ఊపే అలవాటుంటే ఊపనివ్వండి, మనోళ్లు చేతులు కట్టేస్తే మాట్లాడలేరు. పెద్ద నాయకుల స్టైలు అనుకరించనివ్వద్దు, ఊర్లో ముందే నవ్వుకుంటారు.

ఇంకొకటి, ఛానెల్ వాళ్లతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఒక మాట తేల్చుకోండి: ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవాళ్లని కూడా స్క్రీన్ మీద చూపిస్తారా, ఒక్కరినే చూపిస్తారా? ఇద్దర్నీ చూపిస్తామంటే, ఆయన మాట్లాడడం అయిపోయిందని వెనక్కి వాలి నీళ్లు తాగే టైము కూడా ఉండదని ఆయనకి గట్టిగా చెప్పి పంపండి. దాహమైతే బ్రేక్‌లో తాగొచ్చు.